నీలికోటు వంశం

“ఎలాగూ కొట్లో ఖాళీగానే కూర్చుంటావుగా బురుల్, మన వంశావళి పని కూడా నువ్వే చూసెయ్,” అంటూ బావగారు ఒక ప్లాస్టిక్ సంచీ నా బల్ల మీద పెట్టారు. అందులో నాలుగు నోటుపుస్తకాలు, పాత కేలండర్ల వెనక రాసిన కాగితాలు, ఒక అట్టముక్క ఉన్నాయి. నీలికోటు తాత మొదలు ఏడు తరాల మగవాళ్ళు ఆ సంచీలో ఉన్నారు. పొద్దున్నే లేచి ఆవు పాలు పితికి, రొట్టె కాల్చి, ఇంట్లో అందరికీ టీ పోసి, కొట్టుకొచ్చి మంచు ఊడ్చి, పొయ్యి రాజేసి, బడిపిల్లల డ్రాయింగు కాగితాలు కట్టలు కడుతున్నాను అప్పుడు. ఖాళీ అంటే ఏమిటో ఆయనకు తెలిసినంత బాగా నాకు తెలియదు.

బావగారంటే మా ఆయన మెలిస్‌కి అన్న. ఆయన పేరు మాత్రం అడక్కండి. కోడలు అత్తింటి పెద్ద మగవాళ్ళ పేర్లు నోటితో పలకకూడదు. నాకు యాభై ఏళ్ళొచ్చాయి, ఈ నారిన్ ఊళ్ళో ఇరవై ఆరేళ్ళుగా పుస్తకాల కొట్టు నడుపుతున్నాను, అయినా ఆ పేర్ల దగ్గరికొచ్చేసరికి నోరు రాదు. అలాంటిది ఆ పేర్లన్నీ వరసబెట్టి టైపు చెయ్యాల్సి వచ్చింది. “నోటితో అనకూడదు సరే, వేళ్ళతో అనొచ్చా అత్తయ్యా?” అని అడిగాను. పొయ్యి పక్కన కూర్చుని ఉన్ని దువ్వుతున్న అత్తయ్య కల్‌బుబు తలెత్తకుండానే, “వేళ్ళకి నాలిక లేదుగా, కానియ్,” అంది.

పంతొమ్మిదేళ్ళప్పుడు నేను ఈ కొట్లో అమ్మకాల పనికి చేరాను. అప్పుడది సర్కారు వారి దుకాణం. తర్వాత సర్కారే చేతులెత్తేసి గది అమ్మకానికి పెట్టినప్పుడు, అత్తయ్య తన రెండు ఆడగుర్రాలనూ సంతకు తోలించి ఈ గది కొంది, తన పేరనే రాయించుకుంది. అందరూ నవ్వారు. అక్షరం రాని మనిషికి పుస్తకాల కొట్టెందుకని బావగారే అన్నారట. “నాకు రాకపోతే ఊళ్ళో వాళ్ళకి రాదా? కోడలికి వచ్చుగా,” అందట అత్తయ్య. ఆ మాట అన్నందుకు ఈ జన్మంతా ఆవిడ కాళ్ళు పట్టినా నా రుణం తీరదు.

ఇప్పుడు మా కొట్టుకొచ్చే వాళ్ళలో సగం మంది పుస్తకం తీసి, తిరగేసి, వాసన చూసి, అట్టను ఫోనులో ఫొటో తీసుకుని, “థాంక్స్ అక్కా” అని వెళ్ళిపోతారు. వారం తర్వాత అదే పుస్తకం తక్కువ ధరకు పార్సిల్లో వస్తుంది. రాజధాని బిష్కెక్‌లోని ప్రచురణకర్తలు కూడా తిన్నగా ఫోన్లోనే అమ్ముకుంటున్నారు. నోటుబుక్కులు, కవర్లు, జిగురు సీసాలు అమ్ముతూ కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను. ఒక రోజు కొండ మీది పశువుల బీళ్ళ నుంచి ఓ ముసలాయన వచ్చి, “మా వంశం పుస్తకం ఉందా?” అని అడిగాడు. అలాంటి పుస్తకం ఎక్కడా లేదని చెప్పాను. “లేకపోతే చెయ్యి మరి. కొట్టు పెట్టుకుని కూర్చుంది ఎందుకు?” అన్నాడు. చేశాను. నేనే కూర్చి, నేనే టైపు చేసి, బిష్కెక్ ప్రెస్సులో మూడొందల కాపీలు వేయించాను. ఆ మూడొందలూ ఆ ముసలాయన మనుషులే కొన్నారు. ఆ పుస్తకం ప్రపంచంలో ఇంకెవరికీ అక్కర్లేదు, వాళ్ళకి మాత్రం ఇంకెక్కడా దొరకదు. పదకొండు వంశాల పుస్తకాలు అలా చేశాను. కొట్టు నిలబడింది వాటి మీదే.

ఆ మాట మా ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. మెలిస్ వ్యానులో బిష్కెక్‌కి మనుషుల్ని తిప్పుతాడు, తిరుగుప్రయాణంలో నా పుస్తకాల పెట్టెలు సీట్ల కింద పెట్టుకుని తెస్తాడు, మోసి లోపల దించుతాడు. ఎవరైనా అడిగితే మాత్రం, “మా ఆవిడ కొట్లో కూర్చుంటుంది,” అంటాడు. చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే పక్కింటావిడతో చెప్పుకుని ఏడవచ్చు.

సంచీ ఇచ్చిన రోజే బావగారు ఇంకో మాట కూడా చెప్పి వెళ్ళారు. పార్సిళ్ళు ఇచ్చే కంపెనీ వాళ్ళు గది అడుగుతున్నారట, వసంతం నుంచి ఇచ్చేద్దామనుకుంటున్నారట. “అయినా ఈ పుస్తకం శుభ్రంగా చేసి చూపించు. మన వంశం పెద్దాయన బాగుందంటే అప్పుడు ఆలోచిద్దాం.” గది అత్తయ్య పేరనే ఉంది. కానీ ఇంటి పెద్దకొడుకు మాటకి అడ్డం చెప్పిన వాళ్ళు ఇప్పటిదాకా లేరు. నా కొట్టు ఉంటుందో పోతుందో ఆ సంచీలోనే ఉందన్నమాట.

చాలా శ్రద్ధగా చేశాను. మా మామగారి పేజీకి వచ్చాను. ఆయన కింద బావగారు, ఆయన కింద ముగ్గురు కొడుకులు, మనవలు, పేజీ దిగువ దాకా కొమ్మలే కొమ్మలు. పక్కన మెలిస్ పేరు కొట్టాను. దాని కింద ఏమీ లేదు. నాకు ఇద్దరూ ఆడపిల్లలే, బెగాయిమ్, చొల్పొన్. పదకొండు వంశాల పుస్తకాల్లో ఇలాంటి మోడు కొమ్మలు ఎన్ని టైపు చేసి ఉంటానో. ఒక్కసారి కూడా చెయ్యి ఆగలేదు. ఆ తల్లులందరికీ ఇప్పుడు క్షమాపణ చెప్పుకోవాలనిపించింది. మెలిస్ కింద నా కూతుళ్ళ పేర్లు కొట్టాను. కొట్టాక చూస్తే, వీళ్ళు ఎవరికి పుట్టినట్టు? పక్కన నా పేరు కొట్టాను. ఏం చేశానో అత్తయ్యకు చదివి వినిపించాను. ఆవిడ దువ్వెన పక్కన పెట్టింది. “నీది రాసిన చేత్తోనే నాదీ రాయి,” అంది. “నా నలుగురు ఆడపిల్లల్నీ రాయి. చనిపోయిన చిన్నదాన్ని కూడా.”

ఇక ఆగలేదు. ఊళ్ళో మా వంశం కోడళ్ళకు, వేరే ఇళ్ళకు వెళ్ళిన ఆడపడుచులకు కబురు పెట్టాను. బజారుకు వచ్చిన వాళ్ళు వచ్చినట్టే కొట్లోకి వచ్చి, పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ పేర్లు చెప్పేవాళ్ళు. ఒకావిడ తన పేరు చెప్పి, “మళ్ళీ ఒకసారి చదువమ్మా,” అని మూడుసార్లు చదివించుకుంది. ఇంకొకావిడ అత్తగారి పేరు గుర్తు రాక ఇంటికెళ్ళి, మర్నాడు సమాధి రాయి మీది పేరు కాగితం మీద రాసుకుని మంచులో పడి వచ్చింది. వెళ్తూ వెళ్తూ మనవళ్ళకి బొమ్మల పుస్తకాలు కొనుక్కెళ్ళారు. ఆ శీతాకాలం నా కొట్టు నిండా మనుషులే.

అచ్చుకు ముందటి కాగితాలు బావగారు ముందే తెప్పించుకుని చూశారు. “ఇదేంటిది? పెళ్ళిపిలుపులా ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ చేర్చావు. వీళ్ళని తీసెయ్. లేదంటే వసంతానికి గది ఖాళీ చెయ్,” అన్నారు. ఆ సాయంత్రం టీ తాగుతూ మెలిస్, “తీసేస్తే ఏం పోయింది? రాయకపోతే మన పిల్లలు మన పిల్లలు కాకుండా పోతారా? అన్నతో నేను తగువు పడలేను, నీకు తెలుసుగా,” అన్నాడు. “మరి నీ పేరు తీసేస్తే? నువ్వు నువ్వు కాకుండా పోతావా?” అన్నాను. గిన్నె నా వైపు జరిపి ఇంకాస్త టీ పొయ్యమన్నాడు. నాకు నిజంగానే భయమేసింది. కొట్టు లేకపోతే నేనేమిటో నాకు తెలియదు. కానీ మంచులో పడి ఒక పేరు పట్టుకొచ్చిన ఆవిడ మొహం గుర్తొచ్చింది. ఒక్క పేరు కూడా తియ్యలేదు.

ఆదివారం బావగారింట్లో గొర్రెను కోసి వంశం పెద్దల్ని పిలిచారు. మగవాళ్ళంతా గుమ్మానికి దూరంగా, పెద్దలు కూర్చునే చోట బొంతల మీద, ఆడవాళ్ళు గుమ్మం వైపు. నేను టీ నీళ్ళు మరిగే సమోవార్ దగ్గర కూర్చుని టీ పోస్తున్నాను. నా మూడు నెలల పని చేతులు మారుతూ నా ముందు నుంచే పోతోంది, నేను గిన్నెలు అందుకుంటున్నాను. అందరికంటే గొప్ప చోట ఎనభై ఎనిమిదేళ్ళ పెద్దాయన కూర్చున్నారు, మా మామగారికి పెదనాన్న కొడుకు. కళ్ళజోడు పెట్టుకుని వేలు పెట్టి చదువుతున్నారు. “పిల్ల బాగానే చేసింది,” అన్నారు. తర్వాత వేలు ఆగింది. “ఇదేంటి, ఆడవాళ్ళున్నారు?”

“పొరపాటు పెదనాన్నా, తీయించేస్తాను,” అన్నారు బావగారు. నేను చూసుకోకుండా బావగారి గిన్నె అంచు దాకా పోసేశాను. నిండా పోస్తే తాగి లేచి వెళ్ళమని అర్థం. అందరూ చూశారు. ఆయన మొహం కందిపోయింది. “యుద్ధంలో ఖాన్ స్వయంగా నీలికోటు కప్పిన మనిషి మా తాత. ఆ పేరు మగాడి నుంచి మగాడికి వచ్చింది. అందులో ఆడదాని మాట ఒక్కటీ లేదు,” అన్నారు.

“ఆ పేరే ఆడదాని మాటరా,” అంది గుమ్మం దగ్గర నుంచి అత్తయ్య.

ఆవిడ గొంతు పెంచలేదు. “ఖానూ లేడు, యుద్ధమూ లేదు. ఆయన గొర్రెతోలు కోటు చిరిగితే కోడలు నీలం గుడ్డతో మాసిక వేసింది. మామగారి పేరు నోటితో అనకూడదుగా, అందుకని ‘మా నీలికోటాయన’ అనేది. ఆవిడ పిల్లలకి ఆ పేరే వచ్చింది. మీకూ అదే వచ్చింది. నేను కొత్త కోడలిగా వచ్చేసరికి ఆవిడకి చూపు పోయింది. ఇద్దరం ఉన్ని దువ్వుకుంటుంటే చెప్పింది, చెప్పి నవ్వింది. అసలు పేరు నా చెవిలో ఒక్కసారే అంది.” పెద్దాయన వైపు తిరిగింది. “తొలొబాయ్,” అంది అత్తయ్య.

ఆడవాళ్ళంతా అపచారం విన్నట్టు తమ కాలర్లు తామే పట్టుకున్నారు. అరవై అయిదేళ్ళ కాపురంలో అత్తయ్య ఆ ఇంటి పెద్ద మగవాడి పేరు పలకడం అదే మొదలు. బావగారు నిండు గిన్నె వైపు చూస్తున్నారు. పెద్దాయన మాత్రం కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడిచారు.

“నాయనమ్మే చెప్పిందా నీకు?” అన్నారు.

“ఆవిడే.”

“నేను ఆవిడ ఒళ్ళో పెరిగాను. ఆవిడ పేరేంటి?”

అత్తయ్య తల అడ్డంగా ఊపింది. “నాకు తెలీదు బావగారూ. ఎవరూ పిలవగా నేను వినలేదు.”

ఆయన గదిలో ఒక్కొక్కరి మొహం వైపూ చూశారు. వంశానికి పేరు పెట్టిన మనిషి పేరు ఒక్కరికీ తెలియదు. చివరికి సమోవార్ వైపు తిరిగారు. “అమ్మాయ్, నువ్వు ఎవర్నీ తియ్యకు. మా నాయనమ్మ చోట గీత గీసి ఖాళీగా ఉంచు. నేను పోయేలోగా ఎవరైనా చెబుతారేమో.” బావగారు కొట్టు గది మాట ఎత్తబోయారు. “ఆ గది నాది,” అంది అత్తయ్య. “నేనున్నన్నాళ్ళూ అందులో పుస్తకాలే. పోయాక కోడలిది.” ఇంటికొస్తూ దారిలో మెలిస్, “అమ్మ కూడా ఎంత మాటంది,” అన్నాడు, మెచ్చుకుంటున్నట్టే ఉంది. కాసేపటికి తనే, “ప్రెస్సుకి కాగితాలు నేను పట్టుకెళ్తాను,” అన్నాడు. పోనీలే, అదీ నాకు దొరికినట్టే.

మూడొందలు వేశాను, పది రోజుల్లో అయిపోయాయి. ఓష్ నుంచి, అట్‌బాషి నుంచి, మాస్కోలో కూలిపనికి పోయిన వాళ్ళ దగ్గర నుంచి ఆడపడుచులు ఫోన్లు చేశారు, “నా పేరున్న పుస్తకం పంపు వదినా” అని. మళ్ళీ అయిదొందలు వేశాను. గుర్రాలమ్మిన అత్తయ్యకు, పేర్లు మోసుకొచ్చిన ఆడవాళ్ళకు, కళ్ళజోడు తుడుచుకున్న పెద్దాయనకు, పెట్టెలు మోసే మా ఆయనకు కూడా రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. మాసిక వేసిన ఆ కోడలికీ పెట్టుకుందామంటే ఏమని తలుచుకోవాలో తెలియదు.

నిన్న ఇంకో వంశం ఆయన ప్లాస్టిక్ సంచీ పట్టుకుని వచ్చాడు. “ఏడు తరాలూ ఉన్నాయి, చూసుకోండి,” అన్నాడు. నేను సంచీ అందుకోలేదు.

“మీ నాయనమ్మ పేరేంటి?” అన్నాను.

“పేరా?” ఆయన బుర్ర గోక్కున్నాడు. “నాయనమ్మ అనేవాళ్ళం.”

“అయితే కనుక్కుని రండి,” అన్నాను. “తొందరేం లేదు. కొట్టు ఇక్కడే ఉంటుంది.”