పక్కింటాయన

అశోక్‌నగర్ కోచింగ్ సెంటరులో పాలిటీ క్లాసు నడుస్తోంది. వెనక గోడకు ఆనుకుని కురుమయ్య కెమెరా తిప్పుతున్నాడు. సారు బోర్డు ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే కెమెరా కూడా నడవాలి. సారు వీపు బోర్డుకు అడ్డం వస్తే ఓపిగ్గా ఆగాలి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అదే పని. నలభై దాటిన మనిషి, ముందు జుట్టు పలచబడింది. కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందికి జారి ఉంటుంది. ముందు సిమెంటు బస్తాలు, తర్వాత పెళ్ళిళ్ళలో లైట్లు, ఆ తర్వాత కెమెరా మోసిన భుజం అది.

ఈ క్లాసులు తీస్తూనే, పాలమూరు నుంచి పనికొచ్చిన మేస్త్రీల మీద గంట సినిమా ఒకటి సొంతంగా తీశాడు. నిర్మాత, దర్శకుడు, కెమెరా, అన్నీ తనే. అది చూసి మెచ్చినవాళ్ళు ఈ సాయంత్రం చిక్కడపల్లిలో, సొంతంగా సినిమాలు తీసుకునేవాళ్ళ సభకు పిలిచారు. చిన్న సినిమాలకు పెట్టుబడి పెట్టే వీరరాఘవరావు కూడా వస్తున్నాడట. ఆయనకు నచ్చితే ఇంకో సినిమా తీయొచ్చు, ఈ క్లాసుల వెట్టి తప్పుతుంది. గదికి పోయి ఖద్దరు లాల్చీ తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. ఫరవాలేదు, సినిమా మనిషిలాగే ఉన్నాడు.

వేదిక మీద ఒకాయన బ్యాంకు ఉద్యోగం మానేసి వచ్చినవాడు. స్నేహలత అనే ఆవిడ సాఫ్ట్‌వేరు వదిలేసింది. ఇంకొకాయన కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు. "సినిమాల్లోకి రాకముందు ఏం చేసేవారు?" అని సభ నడిపే జగదీశ్వర్ అడుగుతుంటే, ఒక్కొక్కరూ తాము వదులుకున్న ఉద్యోగం గురించి చెప్పి చప్పట్లు కొట్టించుకుంటున్నారు. వేదిక మీదే చివరి కుర్చీలో ఉన్న కురుమయ్య లాల్చీ సర్దుకున్నాడు. వదులుకున్నానని చెప్పుకోడానికి తనకేముంది గనక?

అప్పుడే మూడో వరుసలో దుర్గయ్య కనబడ్డాడు.

నారాయణగూడలో మెట్ల కింద వీడియో షాపు పెట్టుకున్న దుర్గయ్య. అడ్డా మీద కూలికి నిలబడ్డ కురుమయ్యను పిలిచి, "లైటు పడ్తవా?" అని అడిగిన మనిషి. పెళ్ళికూతురి మొహం మీద నీడ పడకుండా లైటెలా పట్టాలో నేర్పాడు. అప్పగింతల వేళ తల్లి ఏడుస్తుంటే కెమెరా ఎప్పుడు దించెయ్యాలో అదీ నేర్పాడు. ఆఖరి బంతిలో పక్కన కూర్చోబెట్టుకుని, తన విస్తరిలోని లడ్డు తీసి ఇతని విస్తరిలో వేసేవాడు. ఈ సభ సంగతి కురుమయ్య ఆయనకు చెప్పనే లేదు. ఎట్లా తెలిసిందో ఏమో, ముసలాయన తెల్లచొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు. పైగా ఇటే చూసి నవ్వుతున్నాడు. కురుమయ్య తలాడించీ ఆడించనట్టు ఆడించి చూపు తిప్పుకున్నాడు.

తన వంతు రాగానే, "ప్రకటనల రంగంలో ఉండేవాణ్ణండి," అన్నాడు, ఎక్కడలేని పుస్తకాల భాషా తెచ్చుకుని. అబద్ధమే. చప్పట్లు మాత్రం పడ్డాయి. వీరరాఘవరావు కూడా మెచ్చుకోలుగా తలూపాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. వీరరాఘవరావుకు సన్మానం మొదలైంది. ఫోటో తీసే అమ్మాయి ఇంకా సర్దుకోనే లేదు, స్నేహలత శాలువా కప్పేస్తోంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు, పనితో వచ్చిన బుద్ధీ అంతే. కురుమయ్య చెయ్యి దానంతటదే లేచింది.

"అమ్మా, జర ఆగుండ్రి. శాలువా అట్లనే పట్టుకోండ్రి. సార్, ఇటు సూడుండ్రి. పిల్లగాని తరఫోల్లు జర ఎన్కకు జరుగుండ్రి."

సభ గొల్లుమంది.

"ఏంది సార్, పెండ్లి వీడియోలు గూడ తీసిన్రా?" అన్నాడు జగదీశ్వర్, మైకు ఇతని నోటి దగ్గర పెట్టి.

కురుమయ్యకు తల కొట్టేసినట్టయింది. "లేదు సార్. మా పక్కింటాయన ఒకాయన తీసేటోడు. ఇని ఇని నోటికొచ్చింది," అన్నాడు. అది చాలదనిపించిందేమో పాపం, ఇంకో మాట కలిపాడు. "ఏడ్చేటోల్లను గూడ ఇటు సూసి ఏడ్వుండ్రి అనేటోడు."

సభ విరగబడి నవ్వింది. దుర్గయ్య కూడా నవ్వాడు. కురుమయ్య పరువు కాపాడటానికే నవ్వాడని అతనికి తెలుసు. అందుకే ఆ క్షణాన చచ్చిపోవాలనిపించింది. కాసేపటికి ముసలాయన లేచి, కుర్చీల వీపులు పట్టుకుంటూ నెమ్మదిగా బయటికి వెళ్ళిపోయాడు.

"మీరు సరదా మనిషండీ. రేపొకసారి కలవండి, తర్వాతి సినిమా సంగతి మాట్లాడుకుందాం," అన్నాడు వీరరాఘవరావు, సభ ముగిశాక భుజం తట్టి. కోరుకున్న మాటే. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారు. ఇతను దాటుతూ దాటుతూనే తగలేశాడు.

రోడ్డు మీదికి పరుగెత్తాడు. బస్సులు, ఆటోలు, కూరగాయల బళ్ళు. దుర్గయ్య లేడు. ఫోను తీసి, ఆయన పేరు దగ్గర వేలు ఆపేశాడు. ఏ మొహం పెట్టుకుని మాట్లాడతాడు? ఫోను జేబులో పెట్టి, సంచీ కోసం మళ్ళీ పైకెక్కాడు.

హాలు ఊడ్చే ఆశమ్మ మూడో వరుస దగ్గర ఆగి ఉంది. "సార్, ఈడ ఒక పెద్దమనిషి కూసుండె. దండలు ఎప్పుడేపిస్తరు బిడ్డా అని నన్ను ఊకె అడిగిండు. ఇది ఈడ్నే ఇడ్సిపెట్టి పోయిండు. మీకు ఎరికేనా?"

"ఎరికె," అన్నాడు కురుమయ్య. ఆ కుర్చీ దాకా నడిచాడు. మళ్ళీ అన్నాడు. "నాకు పని నేర్పిన ఉస్తాద్."

"అట్లనా," అని ఆమె చీపురు తీసుకుని అవతలి వరుసలోకి వెళ్ళింది.

కుర్చీలో తడిసిన కాగితం పొట్లం విడిపోయి, గులాబీల దండ సగం కిందికి జారి ఉంది.