బొటనవేలంత రాక్షసి

నేను ఒక రాక్షసిని. భయపడకండి, నిలబెడితే బొటనవేలంత ఉంటాను. పుట్టింది అంకుడు కర్రలో, ఒంటి మీద లక్క, ఊరు ఏటికొప్పాక. రెండు కొమ్ములు, రెండు కోరలు ఇచ్చాడు గానీ వాటికి తగ్గ కోపం మాత్రం ఇవ్వలేదు నన్ను చేసిన మా పైడయ్య.

ఆయన్ని అని లాభం లేదు. విశాఖపట్నం నుంచి హైమవతి అనే అమ్మాయి ఫోనులో కొన్ని బొమ్మల ఫొటోలు పంపి, అలాంటివి చేసిపెట్టమంది. ఆదివారం మధ్యాహ్నాలు స్నేహితులంతా బల్ల చుట్టూ చేరి ఆడే ఆటకట. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక జాతి మనిషిగా మారి, పాచిక వేస్తూ ఆ కథలో బతుకుతారు. కోసు చెవుల ఎల్ఫులు, గడ్డాల మరుగుజ్జులు, కోరల ఓర్కులు, అందరూ పరాయి దేశం వాళ్ళే.

పైడయ్య ఆ బొమ్మల్ని ఎగాదిగా చూశాడు. "ఈ సెవులోడు గంధర్వుడు. కొండ కింద బంగారం కాసుకున్న ఈ పొట్టోడు యక్షుడు. ఈలందరూ మనోళ్ళేనర్రా! ఏసం మార్సీసి వొచ్చినారు," అని తేల్చేశాడు.

మూడో రకం, కోరల రాక్షసుడు, నేను. లేత్ మీద గిరగిరా తిరుగుతుంటే ఉలి జారి నా నడుం సన్నబడిపోయింది. కర్ర పారెయ్యడానికి ఆయనకు మనసొప్పలేదు. "పోన్లే, ఆడరాక్షసివి అయిపో," అన్నాడు. మనుషుల ఇళ్ళలో ఆడపిల్ల పుడితే ఎంత చర్చ జరుగుతుందో నాకు తర్వాత తెలిసింది. నా సంగతి అర నిమిషంలో తేలిపోయింది.

హైమవతి కోప్పడలేదు సరికదా, పైడయ్య పెట్టిన పేర్లనే ఆటలోకి తీసుకుంది. ఒక నోటు పుస్తకంలో జాతికో పేజీ. ప్రతి జాతికీ పుట్టుకతో వచ్చిన ఒక శక్తి. గంధర్వుడికి పాట, యక్షుడికి దాచిన నిధి జాడ. నా పేజీలో మాత్రం, "బలం ఎక్కువ. జాలి లేదు," అని రాసింది. అది చూసి నేనే జడుసుకున్నాను.

హైమవతి ఇంట్లో నూకరత్నం అనే అమ్మాయి పని చేసేది. ఇరవై ఏళ్ళుంటాయి. పది నెలల కూతురు తులసిని చంకనేసుకుని వచ్చేది. ఏడో నెలలో ఆ పాపకు జ్వరంతో పాటు ఫిట్స్ వచ్చాయట. అప్పటి నుంచి ఆ తల్లి గుండె గుండెలో లేదు. అంట్లు తోముతూ తోముతూ లేచి వస్తుంది, చేతికి సబ్బు నురగ ఉంటే ముంజేతి వెనక భాగం పాప నుదుటి మీద ఆనించి చూసుకుంటుంది, మళ్ళీ వెళ్తుంది. గంటకు ఆరేడుసార్లు.

ఒక ఆదివారం నేను బల్ల మీంచి కిందపడ్డాను. తులసి పాక్కుంటూ వచ్చి నన్ను నోట్లో పెట్టుకుంది. రెండే పళ్ళు. అయినా కొరకగలిగినంత కొరికింది.

"ఓరి నాయనో! రాక్షసిని తినేస్తోంది!" అని అరిచాడు గంధర్వుడి వేషం కట్టే కేదార్. "మనకన్నా ఇదే పెద్ద వీరురాలు!"

అందరూ నవ్వారు, నూకరత్నం తప్ప. ఆమె చెవిన పడింది ఒక్క మాటే, రాక్షసి.

మర్నాడు పొద్దున పాప ఒళ్ళు వెచ్చబడింది. నూకరత్నం పనికి వచ్చి, చీపురు పట్టకుండా తిన్నగా అలమర దగ్గరికి వెళ్ళి నన్ను తీసింది. ఉప్పు, ఎండుమిరపకాయలతో కలిపి గుప్పిట బిగించి పాప చుట్టూ మూడుసార్లు తిప్పింది. లేత్ మీద కూడా నాకంత కళ్ళు తిరగలేదు. ఆపైన పాపను ఎత్తుకుని, వీధి చివర మూడు దారులు కలిసే చోటికి నడిచింది. నన్ను అక్కడ పారేసి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్యాలి.

"రత్నం!" వెనకాలే పరుగున వచ్చింది హైమవతి. "ఏమైంది?"

"ఏటయ్యిందంటారేటమ్మా! ఇంట్లో రాక్షసుల్నెట్టుకుని ఆటలేటండి? గుంట ఒళ్ళు పెనంలాగ కాలిపోతంది. మళ్ళా ఫిట్సొస్తే నానేటి సెయ్యాల?"

హైమవతి పాప నుదురు ముట్టుకుంది. వెంటనే ఆటో పిలిచింది.

పిల్లల డాక్టరు దగ్గర వరసలో కూర్చున్నప్పుడు మెల్లగా మొదలుపెట్టింది. "పరాయి దేశాల తల్లులూ ఇంతేనట, రత్నం. మా ఆటలో ఎల్ఫులని ఉంటారే, పూర్వం మంచుదేశాల్లో వాళ్ళ పేరు చెబితేనే హడలు. వాళ్ళు కనపడని బాణం వేస్తే జబ్బు చేస్తుందనుకునేవారు. కొన్నిచోట్ల ఉయ్యాల మీద ఇనప కత్తెర వేలాడదీసేవారు."

"కత్తెరేనా? మాయమ్మ పురిటి మంచం కింద కొడవలే ఎట్టింది."

"చూశావా! ఆ భయాల్లోంచి వచ్చినవాళ్ళతోనే మేమిప్పుడు ఆడుకుంటున్నాం."

"అయితే మరి ఈ రాక్షసి?"

"దానికి జాలి లేదని రాశాను."

నూకరత్నానికి ఎక్కడలేని పౌరుషం వచ్చింది. "జాలి లేదా? జర కత మీకు తెల్దేటి? రాజుగోరి ఇద్దరు పెళ్ళాలకీ సెరో సగం బిడ్డ పుట్టినాడు. భయపడిపోయి ఆ ముక్కలు కూడలిలో పారేయించినారు. జరని ఒక రాక్షసి, ఏరి ఒక్కసోట సేర్సింది. అతుక్కుపోయి కేరుమన్నాడు గుంటడు. తినీలేదమ్మా! ఎత్తుకెళ్ళి రాజు సేతికిచ్చీసింది. మాయమ్మమ్మ సెప్పీది, దాన్ని గోడ మీద బొమ్మేసి ఇంటి దేవతని కొలిసీవోరంట..."

అక్కడ ఆగిపోయింది. గుప్పిట విప్పి చూసుకుంది. ఉప్పు కరిగి, మిరప గింజలు అంటుకుని ఉన్నాను. కొంగుతో నన్ను తుడిచింది, పాప మూతి తుడిచినంత నెమ్మదిగా.

జలుబు జ్వరమేనన్నాడు డాక్టరు. మందు రాసి, గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ తడిపి ఒళ్ళు తుడుస్తూ ఉండమన్నాడు. రెండు రోజులు నూకరత్నం చేతిలో ఆ గుడ్డ ఆరలేదు. మూడో రోజు జ్వరం దిగింది. ఫిట్స్ రాలేదు.

పై ఆదివారం బల్ల దగ్గర ఇంకో కుర్చీ పడింది. తులసిని ఒళ్ళో పెట్టుకుని నూకరత్నం కూర్చుంది. నా పేజీలో పాత మాట కొట్టేసి హైమవతి కొత్తది రాసింది. "రాక్షసి శక్తి: చీలిన ప్రాణాన్ని అతికించే చెయ్యి." మొదటి రోజే దానికి పని పడింది. నాగుల గుహలో గంధర్వుడికి విషం ఎక్కింది. ఇరవై ముఖాల పాచికలో పదిహేను దాటితేనే బతుకుతాడు. రాక్షసి తరఫున నూకరత్నం వేసింది. నాలుగు.

"పోయాను రత్నమ్మా, ఇంటికి కబురు పెట్టెయ్యండి," అని గుండె పట్టుకుని వాలిపోయాడు కేదార్.

"ఒక్కసారే వెయ్యాలి రత్నం. అది రూలు," అంది హైమవతి.

"ఒక్కసారేటమ్మా? జొరం దిగీవరకూ తడిగుడ్డ ఎన్నిసార్లేస్తాం? లెక్కెట్టుకుని ఏస్తామేటి?"

హైమవతి పాచికను మళ్ళీ ఆమె వైపు జరిపింది. ఏడు. రెండు. పదకొండు. ఐదోసారికి గంధర్వుడు లేచి కూర్చున్నాడు.

ఆ రూలు అలాగే ఉండిపోయింది. ప్రాణం నిలిచేదాకా రాక్షసి ఎన్నిసార్లయినా వెయ్యవచ్చు. ఆటలో కొత్తగా చేరినవాళ్ళు, ఇది ఏ పురాణంలోదని అడుగుతుంటారు. హైమవతి బల్లకు అటువైపు చూపిస్తుంది. అప్పటికి అక్కడ నూకరత్నం పాచిక పక్కన పెట్టి, పాప నుదుటి మీద చెయ్యి వేసి చూసుకుంటూ ఉంటుంది.