తెల్ల ఎలుగ్గొడ్డు పాఠం

దోశపిండి రుబ్బుతూనే కూతురికి స్కూలు ప్రాజెక్టు చెప్తోంది గోపిక. అరవదేశంలోని తుడియలూరులో పంపుల వర్క్‌షాపు వాళ్ళది. ఆదివారం సెలవు మొగుడు అరవిందన్‌కే గాని ఆమెకెక్కడిది! ఇంగ్లీషు కాగితాన్ని రెండో క్లాసు పిల్లకు ఇంటిమాటలో విప్పి చెప్పాలి మరి.

“ఒక్క ఆడ ఎలుగ్గొడ్డు కోసం మొగవి పండ్లు విరిగేదాకా కొట్టుకుంటాయి కణ్ణూ. గెలిచింది రెండు వారాలు దాంతో ఉండి పోతాది.”

“యాడికి?” అంది తిలక.

“దాని దోవన అది. తల్లి మంచులో గుంత తవ్వుకోని, నెలల తరబడి తిండి లేకుండా బిడ్డల్ని కని పాలు ఇస్తాది. వంట్లో కొవ్వు చాలకపోతే కడుపే నిలవదు.”

గోపిక గ్రైండరు ఆపింది. తన మొదటి కడుపు కొవ్వు చాలక పోలేదు. నాలుగో నెలలో, సాంబారులో ఉప్పెక్కువైందని అరవిందన్ తన్నిన తన్నుకు పోయింది. ఆస్పత్రిలో అత్త పాపమ్మాళ్ “బాత్‌రూములో జారింది” అని నవ్వుతూ చెప్పింది, ఆ నోరు పడిపోనూ! వారం తిరక్కుండా మళ్ళీ వర్క్‌షాపుకు పంపారు. పొద్దంతా పంపులకు బోల్టులు బిగించి, పనివాళ్ళకు అన్నం వండి, ఇంటికొస్తే “కూర్చోని తినేదానికేమి” అని అదే మొగుడి మాట.

“అప్ప ఎలుగ్గొడ్డు బిడ్డల్ని సాకదా?” అంది తిలక, నాయన్ని అప్ప అనే పిల్ల.

“సాకదు. ఆకలైన మొగది వస్తే కూనల్ని చంపి తింటాది. మొగది తల్లికి రెండింతలుంటాది. ఐనా తల్లి అడ్డం నిలబడతాది.”

“మా అప్ప మాదిరే.”

హాల్లో ఫోను చూస్తున్న అరవిందన్ లేచాడు. “ఏమే, బిడ్డకు ఇదా నేర్పిస్తా ఉండావు?” అంటూ బెల్టు లాగాడు. ఇన్నేళ్ళూ బిడ్డ మీద చెయ్యి వెయ్యనివాడు, ఆ రోజు మొదటి దెబ్బ బిడ్డకే వేశాడు. బెల్టు బకిలు తగిలి పిల్ల కనుబొమ చీలింది.

గోపిక అడ్డం దూకింది. రెండో దెబ్బకు పెదవి తెగింది. మూడోది పడకముందే బెల్టు గుంజుకుని వాడి మొహాన కొట్టింది. మళ్ళీ కొట్టింది. వాడు గ్రైండరు మీద పడి, పిండిలో నెత్తురు కారుస్తూ లేవలేకపోయాడు.

“మొగుణ్ణి కొడతావా, పాపీ!” అని పాపమ్మాళ్ గుండెలు బాదుకుంది.

గోపిక తిలకను చంకనేసుకుని తలుపు తీసింది. ఆ ఇంట్లో తన్నులూ ఏడుపులూ అన్నీ తెలుగులోనే. చుట్టూ ఉన్న అరవవాళ్ళు ‘ఏదో వాళ్ళ గొడవ’ అని టీవీ సౌండు పెంచుకునేవాళ్ళు. అది అత్తకు బాగా తెలుసు.

“లోపలికి రావే తల్లీ, మన మాటలో మనం మాట్లాడుకుందాం,” అని కొంగు పట్టుకుంది.

గోపిక కొంగు విదిలించుకుని వీధి నడుమకు పోయింది. కడుపులో బిడ్డను తన్ని చంపినవాడు ఇప్పుడు ఈ బిడ్డను కూడా చంపబోయాడని, పోలీసును పిలవమని, గొంతు చించుకుని అరవంలో అరిచింది. ఒక్కో ఇంట్లో టీవీ ఆగిపోయింది.