మూఢానికి ముందు గృహప్రవేశం

నేను ఒక కోళ్ల గూడుని. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే చూసినవాళ్ళెవరూ ఇంతవరకూ నన్ను ఆ పేరుతో పిలవలేదు. పాలు పోసే ఆవిడ నన్ను నీళ్ళ మోటారు మీద బోర్లించిన మూత అనుకుంది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతను నా మీద టీ గ్లాసు పెట్టాడు. అది జారి కిందపడింది.

నన్ను కట్టింది పెద్దాపురంలో భీమేశ్వర్రావుగారు. ఓ ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటు. "వడ్రంగిని పిలిస్తే పూటలో అయిపోద్దండి" అని భార్య సుభాషిణిగారు అంటే, "మనకి చేతుల్లేవా?" అన్నారాయన. ఉన్నాయి. ఆ చేతులు అంతకుముందు చేసిన పనుల ఆనవాళ్ళు ఇంటి నిండా ఉన్నాయి. హాల్లో ఫ్యాను స్విచ్చి వేస్తే వరండాలో దీపం వెలుగుతుంది. వచ్చిన చుట్టాలకి ఆ సంగతి సుభాషిణిగారు కాఫీతో పాటే చెప్పేస్తారు.

నా అవసరం ఎందుకొచ్చిందంటే, వాళ్ళమ్మాయి చందనకి ఒక కోడి ఉంది. పేరు బంగారి. చందన నాలుగో తరగతి. మేనత్త ఇచ్చిన కోడిపిల్లల్లో కొన్నిటిని గద్ద, కొన్నిటిని పిల్లి తీసుకుపోగా మిగిలింది బంగారి ఒక్కటే. దాన్ని చెప్పుల అట్టపెట్టెలో పెట్టి, బడికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ముద్దుచేసి పెంచుకుంది. పక్కింటి పుంజు గోడ దూకి వచ్చిపోతూ ఉండేది. దాని మీద భీమేశ్వర్రావుగారు పక్కింటివాళ్ళతో మర్యాదగా రెండుసార్లు మాట్లాడారు. పుంజుతో ఎవరూ మాట్లాడలేదు. చివరికి బంగారి మెట్ల కింద ఊక పోసిన బుట్టలో గుడ్ల మీద కూర్చుంది.

ఇక చందనకి లోకం ఆ బుట్టే. టీవీ శబ్దం తగ్గించేసింది. మెట్లు ఎక్కేవాళ్ళని చెప్పులు విప్పి ఎక్కమంది. పుట్టబోయే పిల్లల్ని పంచేసింది కూడా: ఒకటి అమ్మకి, ఒకటి మేనత్తకి, అందరికంటే ముందు పుట్టేది నాన్నకి. దాని పేరు నాన్నే పెట్టాలట.

ఆ మాటకి భీమేశ్వర్రావుగారి గుండె కరిగిపోయింది. మనుషులకి గుండె కరిగినప్పుడు పక్కన రంపం లేకుండా చూసుకోవాలి.

"పిల్లల తల్లి మెట్ల కింద కాపరం చెయ్యడమేంటమ్మా? చక్కగా ఇల్లు కట్టేద్దాం" అన్నారు. ఫోనులో వీడియోలు చూశారు. కొత్త డ్రిల్లు మిషను కొని, బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి, పాడైపోతుందేమోనని మళ్ళీ పెట్టెలో పెట్టేశారు. అటక మీది విరిగిన మంచం దింపి రంపంతో కోశారు. నా నాలుగు కాళ్ళనీ కొలిచే కోశారు గానీ, ఒక్కోదాన్నీ టేపుతో కాక, అంతకుముందు కోసిన కాలుతో కొలిచారు. అందుకని ఒక్కో కాలూ ముందుదానికంటే కొంచెం పొట్టి. నేను నిలబడితే ఓ మూలకి వంగి దణ్ణం పెడుతున్నట్టుంటాను.

"ఒరిగిపోయిందేంటండీ?" అన్నారు సుభాషిణిగారు.

ఆయన దిక్కులు చూసుకున్నారు. "ఒరగలేదు. ఈశాన్యం. ఈశాన్యం పల్లంగానే ఉండాలి."

"గుడ్లు దొర్లిపోతాయేమో."

"వాస్తుకి మించిన ఇంజినీరింగు లేదు సుభా."

ఆ రోజు నుంచి నా తప్పు నా గొప్పయింది. ఇలా గొప్పయిన తప్పు ఆ ఇంట్లో నేనొక్కదాన్నే కాదు.

అంతటితో ఆగినా బాగుండేది. ముహూర్తం కోసం పురోహితులవారికి ఫోన్ చేశారు. ఎవరి ఇంటికో చెప్పలేదు, ఇల్లు అని మాత్రమే చెప్పారు. ఎల్లుండి నుంచి మూఢం, ఆ తర్వాత చాలా కాలం మంచిరోజుల్లేవు, దిగితే రేపే దిగాలి అన్నారాయన.

"పొదుగుతున్న కోడిని కదపకూడదంటారండీ. ఇంకెంత, ఈ వారంలో పిల్లలు వచ్చేస్తాయి కదా. ఆగితే పోలా?" అన్నారు సుభాషిణిగారు.

"మూఢంలో పురిటి పిల్లల్ని పెట్టుకుని ఎవరైనా ఇల్లు మారతారా?"

"కోడండీ అది."

"కోడి అని మనం తక్కువ చెయ్యకూడదు."

చందన మాత్రం, నాన్నకి తెలుసనుకుంది.

మర్నాడు పొద్దున్నే నాకు పసుపు రాశారు, మామిడాకులు కట్టారు. బుట్టలోంచి గుడ్లని పళ్ళెంలోకి తీసి, చందన చేత పట్టించి, గంట వాయిస్తూ తీసుకొచ్చారు. వెనక సుభాషిణిగారు బంగారిని పట్టుకొచ్చారు. అది ఆవిడ చెయ్యి రక్తం వచ్చేట్టు పొడుస్తూనే వచ్చింది. నా ముందు పాలు పొంగించారు, హారతి ఇచ్చారు. కర్పూరం పొగంతా లోపలికే వచ్చింది. నాకు కిటికీ పెట్టలేదు, పిల్లి చూస్తుందని.

గడియ వేశారు. బంగారి ఒక్కసారి కూడా గుడ్ల వైపు చూడలేదు. తలుపు దగ్గర నిలబడి, గోళ్ళతో చెక్కని గీకుతూ, మెట్ల వైపు మెడ సాచి అరిచింది. గుడ్లు మెల్లగా దొర్లుకుంటూ ఈశాన్యం మూలకి చేరాయి.

మధ్యాహ్నం చందన చెక్కకి చెవి ఆనించింది. "నాన్నా, అది కూర్చోలేదు. గుడ్లు బుట్టలో పెట్టేద్దామా?"

"గృహప్రవేశం అయిన ఇంట్లో ఆ రాత్రి నిద్ర చెయ్యాలమ్మా. ఖాళీ చేస్తే అరిష్టం. అలవాటవుతుందిలే."

"చల్లారిపోతాయేమో నాన్నా."

"రేపు పొద్దున్న నువ్వే తియ్యి. ఒక్క రాత్రే కదా."

సాయంత్రం ఒక గుడ్డులోంచి చప్పుడు వచ్చింది. టిక్కు, టిక్కు అని, గోరుతో గీసినట్టు. అందరికంటే ముందు పుట్టేదన్నమాట. బయట హారతి పళ్ళెం కడుగుతున్నారు, ఎవరికీ వినపడలేదు. నేను చెక్కని. చెక్కకి వినడం వచ్చు, వెచ్చబెట్టడం రాదు. దీపాలు పెట్టే వేళకి ఆ చప్పుడు ఆగిపోయింది.

పొద్దున్న చందన గుడ్లని ఒక్కొక్కటే తీసి చెంపకి ఆనించుకుని చూసింది. అన్నీ చూశాక మళ్ళీ మొదటిదాని నుంచి చూసింది. పిల్ల బడికి వెళ్ళాక సుభాషిణిగారు పెరటి మూల ఒకటి పగలగొట్టారు. లోపల అన్నీ అమరి ఉన్నాయి, ఈకలతో సహా. ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మిగతావి పగలగొట్టకుండానే కప్పెట్టేశారు.

భీమేశ్వర్రావుగారు ఆఫీసువాళ్ళకి ఫోనులో చెప్పారు: "ఇల్లు బ్రహ్మాండంగా కుదిరిందండీ. కోడికే ఓర్పు లేదు."

బంగారి మెట్ల కింద ఉత్త ఊక మీదే కూర్చుంది. లేపినా లేవలేదు, గింజలు వేసినా దిగలేదు. రెండు మూడు రోజులు చూసి, చందన ఫ్రిజ్‌లోంచి తెల్లటి ఫారం గుడ్లు తీసి, గౌనుకి తుడిచి, దాని రెక్కల కింద పెట్టింది. బంగారి వాటిని ముక్కుతో లోపలికి లాక్కుంది.

"వీటిల్లోంచి వస్తాయి కదా నాన్నా?"

ఫారం గుడ్లలోంచి పిల్లలు రావు. ఆ సంగతి ఆయనకి తెలుసు. గుమ్మంలో నిలబడ్డ సుభాషిణిగారికీ తెలుసు. ప్రతిదానికీ ఏదో ఒక శాస్త్రం చెప్పే మనిషి, ఆ పిల్ల గౌనుకి అంటిన ఊక దులిపారు.

"వస్తాయమ్మా."

"ఇంకెప్పుడూ కదపొద్దు నాన్నా."

"కదపను."

చందన చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కి వెళ్ళింది. సుభాషిణిగారు లోపలికి వెళ్ళిపోయారు. భీమేశ్వర్రావుగారు పెరట్లోకి వచ్చి, సుత్తీ మేకులూ ముందేసుకుని నా ఎదురుగా కూర్చున్నారు. విరగ్గొడతారనుకున్నాను. నిజం చెప్పాలంటే ఎదురుచూశాను.

ఆయన నా గుమ్మం ఎత్తు జానతో కొలిచారు. చిన్న చెక్క ముక్క ఒకటి వెతికి తీసి, పసి కోడిపిల్లలు ఎక్కలేవని, నాకు మెట్టు కట్టడం మొదలుపెట్టారు.