ఎర్గీనా పేరు మీద గోధుమలు

"పెద్దవాళ్ళకి సగం టికెట్టే మామ్మగారూ, కార్డు చూపిస్తే చాలు," అన్నాడు రేవులో టికెట్లిచ్చే మనిషి.

"నాకు పూర్తి టికెట్టే ఇవ్వు నాయనా," అంది ఎర్గీనా. "పోయినసారి ఊరికే తీసుకెళ్ళారు. ఈసారి నా డబ్బుతో వెళతాను."

"ఎప్పుడు వెళ్ళారేంటి?"

"పన్నెండేళ్ళప్పుడు. అప్పుడింత జనం లేరులే. నేనూ, ఒక మేకా, రెండు పిండి బస్తాలూ. మేక దారంతా ఏడుస్తూనే ఉంది. నేను మాత్రం ఏడవలేదు."

ముసలివాళ్ళు ఏదో ఒకటి అంటూనే ఉంటారులే అని నవ్వేసి, అతను టికెట్టు చింపి ఇచ్చాడు.

ఎర్గీనాకి ఇప్పుడు ఎనభై రెండేళ్ళు. ఎడమ చేతి చివరి వేళ్ళు రెండూ కొక్కెంలా లోపలికి వంగిపోయి ఉంటాయి. అవి తప్ప మనిషి గట్టిదే. పెంతెకొస్తు పండక్కి ముందు వచ్చే ఆ శనివారం చనిపోయినవాళ్ళది. గ్రీసులోని ఈ క్రీటులో ఆరోజు ముసలమ్మలందరూ నల్లబట్టలు కట్టుకుని గుడికి వెళతారు. ఎర్గీనా మాత్రం పెట్టె అడుగునుంచి నీలం పువ్వుల గౌను తీసి తొడుక్కుంది. నా చావుకి నేనే నలుపు కట్టుకోనా, ఇంకేం పనిలేదా అనుకుంది.

అవును, ఆమె చావే. పోయిన శీతాకాలంలో మనవరాలు ఫోనులో ఒక ఫొటో చూపించింది. కోట దీవి మీద మునిసిపాలిటీ వాళ్ళు కొత్తగా పాలరాయి నిలబెట్టారట, అక్కడ చనిపోయిన రోగుల పేర్లన్నీ చెక్కించి. పై నుంచి పదకొండో వరసలో "స్త్రాతిస్ కూతురు ఎర్గీనా" అని ఉంది. "ఇదెవరు అమ్మమ్మా, నీ పేరే!" అంది ఆ పిల్ల. ఎర్గీనా ఆ ఫోనుని చాలాసేపు పట్టుకుని కూర్చుంది. అందులో దీపం ఆరిపోతే మళ్ళీ వెలిగించమంది.

మర్నాడే మునిసిపాలిటీకి ఫోను చేసింది. అవతల గుమాస్తా ఓపికగానే విన్నాడు.

"మీ కార్డులో ఇంటిపేరు వేరే ఉందండీ."

"అది మా ఆయనదయ్యా. పెళ్ళయితే మారదా?"

"మేం ప్లాతాని గుడి పుస్తకం చూసి రాశాం. స్త్రాతిస్ గారి ఎర్గీనా చనిపోయినట్టు అందులో ఉంది. ఆ ఎర్గీనా మీరేనని ఆ ఇంటివాళ్ళెవరైనా చెప్పాలి, పాదిరిగారు పుస్తకంలో దిద్దాలి. అప్పుడు మేం చూస్తాం."

"చచ్చినవాళ్ళు ఎక్కడైనా ఫోను చేస్తారటయ్యా?"

"ఏమోనండీ, పుస్తకంలో అయితే అలా ఉంది," అన్నాడతను.

పుస్తకంలో ఎందుకుందో ఎర్గీనాకి తెలుసు. పన్నెండేళ్ళ పిల్ల చేతి మీద తెల్లమచ్చ కనిపించింది, నిప్పు తగిలినా తెలియలేదు. పెద్దరోగం, కుష్ఠు అన్నాడు డాక్టరు. వారం తిరక్కుండా దీవికి పంపేశారు. దీవికీ వాళ్ళ ఊరు ప్లాతానికీ మధ్య సముద్రం ఎంతని, గట్టిగా పిలిస్తే పలికేంత. ఊళ్ళో గుడిగంట కొడితే దీవిలో వినపడుతుంది. ఆమె వెళ్ళిన రెండో నెలలో ఒక పొద్దున ఆ గంట ఆగి ఆగి, ఒక్కొక్క దెబ్బే మోగింది. చావు గంట. రొట్టెలు తెచ్చే పడవాయనని అడిగింది, "ఎవరు పోయారు బాబాయ్?" అని. ఆయన తెడ్డు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నువ్వే తల్లీ," అన్నాడు.

రోగి బతికున్నన్నాళ్ళూ ఆ ఇంటి పిల్లని ఎవరు చేసుకుంటారు, ఆ ఇంటికి పిల్లనెవరిస్తారు? దీవిలో జ్వరంతో పోయిందని తండ్రి చెప్పేశాడు. ఉత్త పెట్టె పాతిపెట్టాడు. నలభయ్యో రోజున తల్లి కొల్లివా వండింది. గోధుమలు ఉడికించి, ఆరబెట్టి, బాదంపప్పూ దానిమ్మ గింజలూ కలిపి, పైన పంచదార పరిచి, పోయినవాళ్ళ పేరు మీద అందరికీ పంచుతారు కదా, అది. తిన్నవాళ్ళు "దేవుడు క్షమించుగాక" అనాలి. బతికున్న పిల్ల పేరు మీద ఊరంతా తిన్నారు, ఊరంతా ఆ మాట అన్నారు.

పదహారో ఏట కొత్త మాత్రలు వచ్చి, రోగం నయమైపోయి, దీవి మూసేశారు. ఎర్గీనా ఇంటి గుమ్మం దాకా వెళ్ళింది. తల్లి తలుపు సగమే తీసింది. కౌగిలించుకోబోయి ఆగిపోయింది. "చెల్లెలికి సంబంధం కుదిరిందే," అంది. ఆ ఒక్క మాటే. ఎర్గీనా వెనక్కి తిరిగి ఏథెన్సు వెళ్ళి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికింది. ఓడలో వంట చేసే మంచివాణ్ణి పెళ్ళాడింది, ముగ్గుర్ని కంది, ఆయన పోయాక క్రీటులోనే ఇరాక్లియో పట్నానికి వచ్చి కూతురి దగ్గర ఉంది. ఇన్నేళ్ళూ ప్లాతాని ముఖం చూడలేదు. పోనీలే, వాళ్ళు ఏటా గుడిలో పోయినవాళ్ళతో నా పేరు చదువుకుంటే చదువుకోనీ, గాలిలో మాట గాలిలో పోతుందని ఊరుకుంది. రాతి మీద చెక్కారని తెలిశాక మాత్రం ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

లాంచీలో ముప్ఫై మంది దాకా ఉన్నారు. జర్మన్లు, ఏథెన్సువాళ్ళు, టోపీలు, నీళ్ళ సీసాలు. గైడు పేరు మిర్సిని. పాతికేళ్ళ పిల్ల, గొంతు బాగుంది, ఎర్ర గొడుగు మూసి పైకెత్తి పట్టుకుని అందర్నీ కోడిపిల్లల్లా వెంటేసుకు నడుస్తోంది.

దీవి దగ్గరపడింది. వెనీసువాళ్ళు కట్టిన గోడలు అలాగే ఉన్నాయి, సముద్రంలోంచి నిటారుగా లేచి. ఎర్గీనా రేవు మెట్లు చూసింది. అప్పట్లో ఆ మెట్లు ఇంకా పెద్దవనుకుంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగింది.

సొరంగంలాంటి గుమ్మం ముందు మిర్సిని ఆగి గొంతు తగ్గించింది. "ఈ గుమ్మం దాటి లోపలికి వెళ్ళినవాళ్ళు ఒక్కరు కూడా తిరిగి రాలేదు. లోపల వాళ్ళకి మిగిలింది కన్నీళ్ళు మాత్రమే."

జర్మను ఆడమనిషి ఒకామె కళ్ళు తుడుచుకుంది.

"ఎవరు చెప్పారు నీకు?" అంది ఎర్గీనా వెనకనుంచి.

"ఏమిటి మామ్మగారూ?"

"తిరిగి రాలేదని. నాతోపాటు అరవై మంది పైనే బయటికి వచ్చాం ఈ గుమ్మంలోంచే. కన్నీళ్ళంటావా, ఏడవడానికి తీరిక ఉంటే కదా! ఇదిగో ఈ పక్కన కాఫీ కొట్టు ఉండేది. సంఘం ఎన్నికలొస్తే కుర్చీలు విరగ్గొట్టుకునేవాళ్ళం. నేనున్న నాలుగేళ్ళలో తొమ్మిది పెళ్ళిళ్ళయ్యాయి. ఒక పెళ్ళిలో వేళ్ళు లేని మెనేగాస్ ఫిడేలు వాయించాడు, కమాను మణికట్టుకి కట్టుకుని. నువ్వు పది వేళ్ళతో అలా వాయించు చూద్దాం."

మిర్సిని ముఖం ఎర్రబడింది. "మాకు ఇచ్చిన కాగితంలో ఇలాగే ఉందండీ," అంది.

"కాగితాల్లో నేను చచ్చిపోయాను కూడా. పద, గుడి దగ్గరికి పద. అక్కడ పనుంది నాకు."

ఆ పిల్ల ఆమె చెయ్యి చూసింది, వంగిన వేళ్ళు చూసింది. గొడుగు దించేసి ఆమె పక్కనే నడిచింది, గుంపు వాళ్ళ వెనక నడిచింది.

గుడి ముంగిట ప్లాతాని నుంచి వచ్చినవాళ్ళు పాతికమంది నలుపులో నిలబడి ఉన్నారు. ఏటా ఆ శనివారం వాళ్ళ పాదిరి దీవికి వచ్చి ఇక్కడ పోయినవాళ్ళ పేర్లు చదువుతాడు. పాలరాయి గోడవారగా తెల్లగా మెరుస్తోంది. దాని ముందు బల్ల, బల్ల మీద కొల్లివా పళ్ళెం, పంచదార మీద వెండి గోళీలతో సిలువ. పళ్ళెం పక్కన తెల్లమీసాల మనిషి. ఎర్గీనా అతణ్ణి నాలుగేళ్ళవాడిగా ఎరుగును. ఆ చెవులు ఎక్కడికి పోతాయి, అచ్చం తండ్రివే. మానుసోస్, ఆమె తమ్ముడు. అతను కొత్తగా వచ్చిన యాత్రికుల వంక చూసి, నీలం గౌను ముసలామె మీద చూపు ఆపి, చటుక్కున తిప్పేసుకున్నాడు.

తెలుసన్నమాట వీడికి, అనుకుంది ఎర్గీనా. తెలిసే ఏటా నా పేరు మీద గోధుమలు ఉడికిస్తున్నాడు.

పాదిరి సిఫిస్ పుస్తకం విప్పి చదవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క పేరూ నెమ్మదిగా, ధూపం ఊపుతూ. ఆ పేర్లలో సగం మంది ఎర్గీనాకి తల దువ్వినవాళ్ళు, తిట్టినవాళ్ళు, అక్షరాలు నేర్పినవాళ్ళు. ఒక్కొక్కరికీ ఆమె సిలువ గుర్తు వేసుకుంది.

"...దేవుని సేవకురాలు ఎర్గీనా..."

"ఉన్నాను!" అంది ఎర్గీనా.

బడిలో హాజరు పలికినట్టు పలికింది. గోడల మధ్య ఆ మాట ఖంగుమంది. పాదిరి తల ఎత్తలేదు, ఎవరో పేరు కలిసిన ముసలామె పరాకుగా పలికిందనుకున్నాడు. అదే పేరు మళ్ళీ చదివి ముందుకు వెళ్ళబోయాడు.

"ఉన్నానంటున్నాను కదా పాదిరిగారూ. ఎన్నిసార్లు పలకాలి?"

"అవ్వా, ఇవి పోయినవాళ్ళ పేర్లు."

"నాకు చెవుడు లేదు. స్త్రాతిస్ కూతురు ఎర్గీనా నేనే. పన్నెండో ఏట మీ గుడిలో నాకు గంట కొట్టారు. దీవిలో నిలబడి ఆ గంట నేనే విన్నాను. డెబ్భై ఏళ్ళుగా నా పేరు మీద గోధుమలు తింటున్నారు, ఇప్పటికి అరిగి ఉంటాయి. ఇంక కొట్టేయండి."

నలుపు గుంపులో గుసగుస లేచింది. ఒకామె భయపడి సిలువ గుర్తు వేసుకుంది. మరొకామె, "మతి లేదు పాపం," అంది. "నీకుందిలేవే," అంది ఎర్గీనా అటు తిరక్కుండానే.

పాదిరి యాభై ఏళ్ళవాడు, నిదానమైన మనిషి. "నువ్వు అబద్ధం చెబుతున్నావనను అవ్వా. కానీ ఎవరో వచ్చి నేనే అంటే పుస్తకంలో ఎలా కొట్టేస్తాను? ఆ ఇంటివాళ్ళెవరైనా చెప్పాలి. మానుసోస్, నీకు తెలుసా ఈమె?"

మానుసోస్ పళ్ళెం అంచు పట్టుకున్నాడు. అతని పక్కన భార్య ఉంది, వెనక కూతుళ్ళు, అల్లుళ్ళు ఉన్నారు. వాళ్ళెవరికీ ఈ సంగతి తెలియదని ఎర్గీనాకి అర్థమైంది. అతను అడుగు ముందుకు వేసి, ఆమెకి మాత్రమే వినపడాలని గొంతు తగ్గించాడు. అంత నిశ్శబ్దంలో గొంతు ఎంత తగ్గిస్తే మాత్రం ఏం లాభం?

"ఇక్కడ వద్దక్కా," అన్నాడు. "ఇంటికి రా, ఇంట్లో మాట్లాడుకుందాం."

అనేశాక గానీ తను ఏమన్నాడో అతనికి తెలియలేదు. అతని భార్య నోటికి తలగుడ్డ చెంగు అడ్డం పెట్టుకుంది. పాదిరి జేబులోంచి కలం తీశాడు.

"ఇంటికెందుకురా," అంది ఎర్గీనా. "ఇంటి గుమ్మం నేను ఒకసారి చూశాను. నువ్వు అప్పటికి పసివాడివి, నిన్ననను. కానీ మీసాలొచ్చాకైనా ఒక్క ఏడు మానేయాల్సింది."

మానుసోస్ జవాబు కోసం ఆమె ఆగలేదు. పాదిరి పుస్తకంలో గీత కొట్టడం దగ్గరుండి చూసింది.

"కొట్టేశాను అవ్వా. దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు."

"చాలదు. ఇన్నేళ్ళు ఆ వరసలో చదివారు. ఇప్పుడు బతికున్నవాళ్ళ వరసలో చదవండి, అదే గొంతుతో."

"ఈ రోజు పోయినవాళ్ళదమ్మా. అలా చదవకూడదు."

"బతికున్నదానికి చావు గంట కొట్టకూడదని కూడా ఉండే ఉంటుంది మీ పుస్తకాల్లో."

పాదిరి గడ్డం నిమురుకున్నాడు. నవ్వొచ్చిందో ఏమో, ఒకసారి దగ్గి, నిటారుగా నిలబడి, "దేవుని సేవకురాలు ఎర్గీనా ఆరోగ్యం కోసం," అని గోడలు మోగేలా చదివాడు. మిర్సిని అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.

అప్పుడు ఎర్గీనా బల్ల దగ్గరికి వెళ్ళి, ధూపం గిన్నె పక్కన చల్లారి పడి ఉన్న బొగ్గు తీసుకుంది. పాలరాయి దగ్గరికి నడిచింది. వేలితో పదకొండో వరస దాకా లెక్కపెట్టుకుని, తన పేరు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి లావుగా గీసింది.

కాపలా మనిషి పరిగెత్తుకొచ్చాడు. "ఏయ్ మామ్మగారూ! అది మునిసిపాలిటీది! ముట్టుకుంటే జరిమానా!"

"రాయి మీదేనయ్యా, కాదన్నానా? పేరు నాది. రాసుకో జరిమానా. ఎవరి మీద రాస్తావు, చచ్చినదాని మీదా?"

అతను రసీదు పుస్తకం పట్టుకుని దిక్కులు చూశాడు. మానుసోస్ అప్పుడు కదిలాడు. "నా పేరు రాసుకో," అన్నాడు బొంగురుగా. "నేను ఆమె తమ్ముణ్ణి."

"నువ్వు తప్పుకోరా," అంది ఎర్గీనా. "గీసింది నేను. నా పేరు ఇంకొకళ్ళు రాయించడం ఇక చాలు."

కాపలా మనిషికి రసీదు పుస్తకం కింద పెట్టుకోవడానికి మిర్సిని తన అట్ట ఇచ్చింది. ఎర్గీనా అతని భుజం మీదుగా వంగి, మసి అంటిన వేలితో చూపిస్తూ చెప్పింది.

"అలా కాదు, కార్డులో ఉన్న ఇంటిపేరు వద్దు. స్త్రాతిస్ కూతురు ఎర్గీనా అని రాయి. ఆ... కూతురు అన్నది ఇంకొంచెం విడిగా, చదివితే తెలిసేలా. ఊరు ప్లాతాని. వయసు ఎనభై రెండు. ఇప్పుడు ఇవాళ్టి తేదీ వెయ్యి."