అన్నయ్య వాక్స్వాతంత్ర్యం

కెమెరా ముందు కూర్చుంటే అన్నయ్య పులి. సరిహద్దు దాటి వచ్చి స్థిరపడినవాళ్ళ వల్లే దేశం నాశనమైపోతోందని రోజుకో వీడియో వదులుతాడు. అదేమిటని ఎవరైనా అడిగితే, వాక్స్వాతంత్ర్యం చచ్చిపోయిందంటూ గుండెలు బాదుకుంటాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, ఆ మహా ఛానల్ నడిచేది వెనక పడకగదిలో, ప్రతిధ్వని రాకుండా గోడలకు కొట్టిన పాత దుప్పట్ల మధ్య. కెమెరాకి కనపడకుండా పక్కన కూర్చుని మైకులు చూసేది చెల్లెలు. అతన్ని తప్పుబట్టిన ప్రతి కామెంటూ తుడిచెయ్యడం కూడా ఆమె పనే. స్వేచ్ఛంటే ఆ మాత్రం ఊడ్పు ఉండాలి మరి!

ఆమెకు నెలరోజులుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. వీధి మలుపులో మందుల షాపతన్ని పెళ్ళాడబోతోంది. అతను సరిహద్దు అవతలివాడు. అమ్మానాన్నలు లేరు కాబట్టి పెద్దదిక్కుగా అన్నయ్య వచ్చి సాక్షి సంతకం పెట్టాలని ఆమె ఆశ. నోరు తెరిస్తే చాలు, "తర్వాత చూద్దాం లేవే, లైవ్ ఉంది" అంటాడు.

ఆ సాయంత్రం లైవ్‌లో ఒక లాయరమ్మతో చర్చ.

"మీకు నచ్చని మాట మీ ఇంట్లోవాళ్ళే అంటే ఊరుకుంటారా?" అని ఆవిడ అడిగింది.

"మా ఇంట్లో ఎవరేమైనా అనొచ్చు మేడం! ఇంతవరకూ ఒక్కరి నోరు నొక్కలేదు నేను!"

సరిగ్గా అప్పుడే ఎవరి కామెంటో తుడుస్తున్న చెల్లెలికి నవ్వాగలేదు. కుర్చీ లాక్కుని కెమెరా ముందుకొచ్చింది.

"అయితే నాదీ ఒక మాట అన్నయ్యా. మందుల షాపాయన్ని పెళ్ళి చేసుకుంటున్నాను. మొన్న తరిమికొట్టమన్నావే, వాళ్ళలో ఒకడు. నువ్వొచ్చి సంతకం పెట్టాలి."

"మైకు కట్ చెయ్యవే!"

"ఎవరిది? నీదా, నాదా?"

లాయరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కామెంట్లు మాత్రం వరదలా వచ్చిపడ్డాయి. పురుగు. దాన్నీ వాడితోపాటే తరిమెయ్యండి. ఇంకా రాయలేని మాటలు. చెల్లెలు ఒక్కటీ తుడవలేదు. చదువుతూంటే ఆమె నవ్వు ఎటో పోయింది.

అన్నయ్య మొహం కందగడ్డయింది. మౌస్ లాక్కుని తనే తుడవడం మొదలుపెట్టాడు. ఒకటి తుడిస్తే పది పుట్టుకొస్తున్నాయి.

"మా చెల్లిని పురుగంటార్రా? ఎక్కడ నేర్చుకున్నారీ మాటలు?"

"నీ దగ్గరే, అన్నయ్యా."

అతను ఇంకో కామెంటు తుడిచాడు. ఆ వెంటనే మరొకటి.

"పెళ్ళికి వస్తావా?" అని నెమ్మదిగా అడిగింది.

"ఉండవే," అన్నాడు, "ముందు వీళ్ళ నోళ్ళు ముయ్యనీ."