రీసేల్ బాబాయ్

ఆయన్ని ఇంటిల్లిపాదీ రీసేల్ బాబాయ్ అనేవారు. ఆ పేరు పెట్టింది అన్నగారి కూతురు. చిన్నప్పుడు ఆ పిల్ల ఎర్ర సైకిల్ కావాలని మారాం చేస్తే, ఆయన బుజ్జగిస్తూ, "ఎరుపొద్దమ్మా, నలుపు తీసుకో. రేపు అమ్మాలన్నా తేలిగ్గా పోతుంది" అన్నాడు. "ఇంకా కొననే లేదు కదా బాబాయ్" అంది పిల్ల. ఆ పూట ఇంట్లో మొదలైన నవ్వు నాలుగు రోజులకు గానీ ఆగలేదు. పేరు మాత్రం అక్కడే అతుక్కుపోయింది.

ఆయనకో కళ్లద్దాల దుకాణం ఉంది. పిసినారి అనడానికి వీల్లేదు. చూపు ఆనక ఇబ్బంది పడే ముసలాళ్లకు అద్దాలు ఊరికే ఇచ్చి పంపిన రోజులు బోలెడు. కానీ ఏ వస్తువైనా తన చేతికి ఎలా వచ్చిందో అలాగే తన చేతిలోంచి వెళ్లాలని ఆయన పట్టుదల. ఇంట్లో సోఫాకు కవరు, ఆ కవరు మీద ఇంకో కవరు. టీవీ రిమోట్ పాలిథీన్ సంచిలోంచే పనిచేసేది. ఫ్రిజ్ తలుపు మీద కంపెనీవాళ్ల స్టిక్కర్ రంగు వెలిసిపోయి, ఏం రాసుందో కూడా తెలియకుండా అయినా ఊడలేదు.

ఇక కారు సంగతి చెప్పనక్కర్లేదు. ఏడాదిపాటు నలుగురినీ అడిగి, తెల్ల రంగు చిన్న కారు కొన్నాడు. చిన్న కారైతే విలువ నిలబడుతుందని, తెలుపైతే ఎవరైనా కళ్లు మూసుకుని కొంటారని ఆయన లెక్క. షోరూమ్‌లో సీట్లకు తొడిగిన ప్లాస్టిక్ తీయనివ్వలేదు. అందులో తినకూడదు, తాగకూడదు, బూట్లు దులపకుండా ఎక్కకూడదు. ఎండాకాలం ఆ ప్లాస్టిక్ వీపుకు అంటుకుపోయి, దిగేటప్పుడు చర్రుమని ఊడేది.

ఆయన భార్య ఈత నేర్పే టీచరు. పొద్దున్నే కొలనులో పిల్లల మధ్య దిగితే, తల ఆరకుండానే ఇంటికి బయలుదేరాల్సిన ఉద్యోగం. తడి జుట్టుతో కారెక్కితే సీటు పాడవుతుందని ఆయన భయం. "నేను నీళ్లలో పనిచేసేదాన్నండీ. నన్ను ఆరబెట్టి ఎక్కించుకోవాలంటే సాయంత్రమవుతుంది" అని ఆవిడ నవ్వేసి బస్సులో వచ్చేది. ఆమె నవ్వింది కదా అని ఆయన కూడా అంతటితో ఊరుకునేవాడు.

ఎనిమిదో ఏడు వచ్చేసరికి, కారు అమ్మడానికి ఇదే అదను అనిపించిందాయనకు. ఒక ఆదివారం పొద్దున్నే కడిగి, తుడిచి, అద్దంలా మెరిపించి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, పాత కార్లు కొని అమ్మే యార్డుకు తీసుకెళ్లాడు. పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసి తెచ్చిన తండ్రిలా ఉంది ఆయన వాలకం.

యార్డు నడిపేది నలభై ఏళ్లావిడ. కారు చుట్టూ తిరిగింది. బానెట్ ఎత్తి ఇంజను చప్పుడు విన్నది. వంగి టైరు మీద గోటితో గీసి చూసింది. వెనక తలుపు తెరిచి, లోపలికి తల పెట్టి, ముక్కు చిట్లించింది. తర్వాత నింపాదిగా వెల చెప్పింది.

ఆయనకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాడు. మళ్లీ చెప్పించుకున్నాడు. మళ్లీ అదే మాట.

"అమ్మా, మీరు వేరే కారు చూసి చెబుతున్నట్టున్నారు. దీనిమీద ఒక్క గీత లేదు. సీటు మీద ఒక్క మరక చూపించండి."

"మరక లేదన్నయ్యా. వాసనుంది. ప్లాస్టిక్ కింద చెమ్మ పట్టి ముక్కిపోయింది. టైర్లు అరగలేదు గానీ, ఎండకి గట్టిపడి పగుళ్లొచ్చాయి. నడిపినా నడపకపోయినా రబ్బరుకి వయసొస్తుంది కదా."

ఆయన చూపు పక్కనున్న కారు మీద పడింది. అదే కంపెనీ, అదే మోడల్. తలుపు మీద సొట్ట, కిటికీ నిండా పిల్లలు అంటించిన బొమ్మలు, సీట్లలో కుక్క వెంట్రుకలు. "దానికెంతిచ్చారు?" అని అడిగాడు.

"అదీ మీదీ ఒకే ఏడు కొన్నవి. నిన్ననే తీసుకున్నాను. మీకు దానికంటే ఎక్కువే చెప్పానులెండి."

ఆ ఎక్కువ ఎంతో ఆయన వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. నెల రోజుల పెట్రోలుకు సరిపోతుందంతే.

యార్డు ఆవిడకు జాలేసినట్టుంది. కుర్చీ జరిపి కూర్చోమంది. "కారు షోరూమ్ గుమ్మం దాటగానే దాని వెలలో ఒక పెద్ద ముక్క పోతుంది అన్నయ్యా. మొదటి మూడేళ్లూ గబగబా దిగుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. మీరెంత అపురూపంగా చూసుకున్నా దాని పుట్టినరోజు దానికొస్తూనే ఉంటుంది. ఈలోగా కంపెనీవాళ్లు కొత్త మోడల్ దించారు కూడాను. మీరు వేళకి సర్వీసు చేయించారు, ఇంజను బంగారంలా ఉంది. ఆ కాస్త ఎక్కువ దానికే. మిగతా జాగ్రత్తలకి ఎవరూ డబ్బులివ్వరు."

ఆయన పక్కన ఏదో చిన్న శబ్దమైంది. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. భుజాలు కదిలాయి, కళ్లమ్మట నీళ్లొచ్చాయి. చివరికి కొంగు వదిలేసి పగలబడి నవ్వింది.

"ఏమనుకోకండీ" అంటూనే మళ్లీ నవ్వింది. "ఆ రోజు గుర్తుందా, ఐస్‌క్రీమ్ కారులో తినొద్దని మీ అన్నయ్యగారినీ వదినగారినీ వానలో నిలబెట్టారు. ఆయన ఐస్‌క్రీమ్‌లో వాన పడి పాలైపోయింది."

ఆయనకు ముందు రోషం వచ్చింది. తర్వాత చేతిలో కప్పు పట్టుకుని వానలో గుటకలు వేస్తున్న అన్నగారు కళ్లముందు కనబడ్డాడు. వెనకాలే బస్‌స్టాపులో జుట్టులోంచి నీళ్లు కారుతూ నిలబడ్డ భార్య కనబడింది. "నిన్ను బస్సెక్కించాను కదే, ఇన్నేళ్లూ" అన్నాడు.

"ఎక్కించారు. కిటికీ పక్క సీటు దొరికేదిలెండి" అంది ఆవిడ. ఆ మాటకు ఆయనకూ నవ్వొచ్చేసింది. వచ్చిందంటే అలా ఇలా కాదు, కుర్చీ వెనక్కి పడబోతే యార్డు ఆవిడ పట్టుకోవాల్సి వచ్చింది.

నవ్వులు సద్దుమణిగాక అడిగాడు, "ఇంకో ఐదేళ్లు వాడితే ఎంత దిగుతుందమ్మా?"

"ఇక పెద్దగా దిగదు. దిగాల్సిందంతా మీ చేతిలోనే దిగిపోయింది. దీన్నిప్పుడు కొనుక్కుని హాయిగా తిరిగేవాడిదే అదృష్టం."

"అయితే ఆ కొనుక్కునేవాణ్ని నేనే అనుకోండి. ఒక కత్తెర ఉంటే ఇస్తారా?"

బేరం పోయినందుకు ఆవిడ ఏమీ అనుకోలేదు. కత్తెర తెచ్చి, తనూ ఒక చెయ్యి వేసింది. ప్లాస్టిక్ ఎండిపోయి పెళపెళ చిరిగింది. కింద సీట్లు బయటపడ్డాయి. బూడిద రంగువని అనుకుంటూ వచ్చిన సీట్లు ముదురు నీలం. అంచులకు సన్నటి తెల్ల కుట్టు కూడా ఉంది.

"చూశారా, మన కారు సీట్లు నీలమట" అంది భార్య, అరచేత్తో నిమురుతూ.

ఆయన అప్పటికప్పుడు అన్నగారి కూతురికి ఫోన్ చేసి, "తయారుగా ఉండు, చెరువుకెళ్తున్నాం" అన్నాడు. ఆ అమ్మాయి కంగారుపడి, "ఒంట్లో బాగానే ఉందా బాబాయ్?" అని అడిగింది.

ఆ మధ్యాహ్నం కిటికీలన్నీ దించి కారు చెరువుగట్టున ఆపారు. భార్య ఆ ఒడ్డుదాకా ఈది, తిరిగొచ్చి, ఓడుతున్న బట్టలతో ముందు సీట్లో కూర్చుంది. ఆయన కళ్లు ఒక్కసారి గట్టిగా మూసుకుని తెరిచాడు. తడిసిన చోట నీలం ఇంకా ముదిరి, చూడ్డానికి బాగుంది. "నాకూ నడపడం నేర్పించండి" అంది ఆవిడ. "నేను నేర్పితే మనిద్దరం మాట్లాడుకోం. డ్రైవింగ్ స్కూల్లో చేరు" అన్నాడు.

చేరింది. నీళ్లలో పిల్లల్ని నడిపించే మనిషికి స్టీరింగు ఎంతసేపు. లైసెన్సు వచ్చిన వారానికే గేటు స్తంభానికి కారు తలుపు రాసుకుంది. ఇంట్లోవాళ్లు బయటికి పరుగెత్తుకొచ్చి ఆయన మొహం వంక చూశారు. ఆయన వంగి గీతను చూశాడు, వేలితో తడిమాడు. "స్తంభానికేం కాలేదు కదా?" అన్నాడు. అన్నగారి కూతురు అక్కడే కూలబడి నవ్వింది.

ఆ ఏడు ఈత పోటీలు పక్క ఊళ్లో జరిగాయి. భార్య దగ్గర నేర్చుకున్న పిల్లలు మూడు పతకాలు గెలిచారు. తిరుగు దారిలో కారు ఆవిడే నడిపింది. వెనక సీట్లో అన్నగారి కూతురు పల్లీలు ఒలుస్తోంది. పక్క సీట్లో ఆయన మొదట బ్రేకు లేని చోట కాలు నొక్కుతూ, "లారీ, లారీ" అంటూ వచ్చాడు. కాసేపటికి మాటలు తగ్గాయి. ఇంకాసేపటికి తల కిటికీకి ఆనింది, నోరు కొద్దిగా తెరుచుకుంది.

"పిన్నీ, బాబాయ్ నిద్రపోయాడు" అంది అమ్మాయి గుసగుసగా. "కారులో ఆయన నిద్రపోగా నేనెప్పుడూ చూళ్లేదు."

ఆవిడ ఒకసారి పక్కకు చూసి, ఇంటి వైపు తిరగాల్సిన మలుపు దాటించి, తోటల మీదుగా వెళ్లే చుట్టుదారి పట్టింది.